ఉరితాడు నిపుణుడు

హంతకుల్ని ఉరి తీయాలా, వద్దా? పాఠక మహాశయులారా, ఈ చర్చ ఎప్పటికీ తెగకూడదని మనమంతా మొక్కుకోవాలి! తెగితే ఎందరి నోట మట్టి పడుతుందో ఎవరైనా ఆలోచించారా? యాంకర్లు, వాళ్లకు పౌడరు అద్దేవాళ్లు, బల్ల మీద మంచినీళ్లు పెట్టేవాళ్లు... వీళ్లంతా ఏమైపోవాలి?

నమ్మకపోతే తాళ్ల కొట్టాయన సంగతి వినండి.

ఆయనకు యాభై దాటాయి. బస్టాండు వెనక సందులో కొట్టు. నైలాను, పీచు, నూలు, ఏ తాడైనా మూరేసి కోసిస్తాడు. పాతికేళ్లలో ఆయన్ని అభిప్రాయం అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇంట్లో ఏం కూర వండాలో కూడా!

అలాంటి మనిషి కొట్టు ముందు ఒకరోజు ఛానెల్ వ్యాను ఆగింది. ఎవడో హంతకుడికి ఉరి ఖాయమై జనం ఊగిపోతున్న రోజులవి. మాట్లాడటానికి ప్లీడర్లు దొరికారు. తాడు గురించి తెలిసినవాడే దొరకలేదు.

"ఏ తాడైతే తెగదండీ?" అంది రిపోర్టరు.

"ఏం కట్టడానికమ్మా?" అన్నాడాయన అలవాటుగా.

ఆ ప్రశ్నలో వాళ్లకి వేదాంతం వినిపించింది! మర్నాటి నుంచి రోజూ పొద్దున పదిన్నరకి స్టూడియోలో ఆయనకో కుర్చీ. తెర మీద బొమ్మ కింద 'ఉరితాడు నిపుణుడు' అని ఎర్రక్షరాలు.

ఆయనకు ఎడమపక్క మీసాల ప్లీడరు. సర్కారు తరఫున వాదించే మనిషి, ఉరి తీయాల్సిందే అంటాడు. కుడిపక్క గుండు ప్లీడరు, తీయకూడదంటాడు. తెర మీద ఉప్పూ నిప్పూ. ప్రకటనలు రాగానే ఒకే ప్లేట్లో బిస్కెట్లు!

మన నిపుణుడు మొదటివారం తీయాలన్నాడు. చప్పట్లు. రెండోవారం వద్దన్నాడు. ఇంకా గట్టిగా చప్పట్లు! మూడోవారం ఏమనాలో తోచక, "సగం తీసి ఆపితే ఎలా ఉంటుంది?" అన్నాడు. ఆ క్లిప్పు పదిలక్షలమంది చూశారు.

"సగం తియ్యడమేమిటండీ, మతి గానీ పోయిందా?" అంది భార్య.

ఆవిడకేం తెలుసు! ఈ చర్చ పుణ్యమా అని పదేళ్లుగా మాటల్లేని ఆవిడా, తోడికోడలూ మాటలు కలుపుకున్నారు. తిట్లే అనుకోండి, తిట్లు మాటలు కావా? చీమని తొక్కినా విలవిల్లాడే బావమరిది హంతకుణ్ని నడిబజార్లో వేలాడదీయాలన్నాడు. హింస పనికిరాదనే మామగారు, ఆ మాటన్నవాణ్ని చెప్పుతో కొట్టాలన్నారు. ఒక సమాజం ఇంతకన్నా చైతన్యంగా ఎలా ఉంటుంది?

ఇలా ఉండగా ఓ మధ్యాహ్నం కొట్టుకి ఒకావిడ వచ్చింది. సంచిలో కాగితాల కట్ట. దానికి కట్టిన తాడు పీలికలైపోయింది. రెండు మూరల నూలుతాడు కావాలంది.

"మిమ్మల్ని టీవీలో చూశాను అన్నయ్యా. కోర్టు వరండాలో ఉందిగా టీవీ."

ఆయన ఛాతీ పొంగింది. "ఇంతకీ నువ్వెటువైపు తల్లీ? తియ్యాలనా, వద్దనా?"

"నేనింకా వాయిదాల దగ్గరే ఉన్నాను."

ఆవిడ తమ్ముడు గోడౌను కాపలాదారు. తొమ్మిదేళ్ల కిందట ఒకడు ఇనపకడ్డీతో తలమీద కొట్టి చంపాడు. ఆవిడ కళ్లారా చూసింది. వాడు బెయిలు మీద తిరుగుతున్నాడు. ఎదురుపడితే "బాగున్నావా అక్కా?" అంటాడు. ఆవిడ సాక్ష్యం మాత్రం ఇంకా ఎవరూ వినలేదు. ఈ నెలలోనే మూడు వాయిదాలు పడ్డాయి.

"ఎందుకని?"

"మా తరఫు ప్లీడరు రోజూ మీకు ఎడమపక్క కూర్చుంటాడు. వాడి ప్లీడరు కుడిపక్క."

ఆయన తాడుని రెండోసారి కొలిచాడు. మళ్లీ అదే అడిగాడు. "వాణ్ని ఉరి తియ్యాలంటావా?"

"ముందు వాడే చంపాడని కోర్టు అననివ్వండి అన్నయ్యా. ఆ తర్వాత ఏం చెయ్యాలో తేల్చడానికి మీరంతా ఉన్నారుగా."

ఆ పూట అన్నం ముందు కూర్చున్న ఆయనకి బిస్కెట్ల ప్లేటులో తన వేళ్లు కూడా ఉన్నాయని గుర్తొచ్చింది.

సోమవారం ఆవిడ చెప్పిన వాయిదా రోజు. స్టూడియోలో చర్చ మంచి రంజుగా ఉంది. యాంకరు అడిగింది. "నిపుణుడుగారూ, మీరేమంటారు?"

"లేవండయ్యా ఇద్దరూ!" అన్నాడాయన. "పదకొండింటికి మీకు కోర్టులో కేసుంది. సాక్ష్యం చెప్పాల్సిన అక్క వరండాలో కూర్చుని మిమ్మల్నే చూస్తోంది. ఆవిడతో పాటు జడ్జిగారి గుమాస్తా కూడా చూస్తున్నాడు!"

ప్లీడర్లిద్దరూ చొక్కాలకున్న మైకులైనా తీయకుండా పరిగెత్తారు. వాళ్ల రొప్పు వీధి మలుపు దాకా ప్రత్యక్ష ప్రసారమైంది.

నిపుణుడి కుర్చీ ఆ రోజే పోయింది. మర్నాడు అందులో ఉరికంబాల కొలతలు తెలిసిన వడ్రంగిని కూర్చోబెట్టారు. అంతటి విలువైన చర్చని నడిమధ్యలో చెడగొట్టినందుకు ఆయన్ని ఎంత తిట్టినా పాపం లేదు.

ఆ సోమవారమే ఆవిడ బోనెక్కింది. చూసింది చూసినట్టు చెప్పింది. తొమ్మిదేళ్లు ఆగిన సాక్ష్యం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. వినడానికి వెనక బెంచీలో తాళ్ల కొట్టాయన ఒక్కడే ఉన్నాడు. ఏ ఛానెలూ రాలేదు.

ఎందుకొస్తాయి చెప్పండి? అందులో చర్చించడానికేముంది!