బండి కింద తట్టిందెవరు

"ఏవండీ, ఈ బండి మనల్ని కొండ మీంచి కిందికి తోసేస్తుంది. పొద్దుటినుంచీ నా మనసు కీడే శంకిస్తోంది," అంది దర్జీ భార్య.

దర్జీ ఆ మాటలు పడలేక చెవుల్లో దూది కుక్కుకున్నాడు.

కూతురికి కొండ అవతలి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. మంచం, పొయ్యి, కొళాయి అన్నీ ఉన్న పాత ఇల్లుబండిని దర్జీ మోజుపడి కొన్నాడు. ఆ మధ్యాహ్నం పిల్లని అందులోనే తీసుకెళ్లి దింపి రావాలని ఏర్పాటు. ముందు బ్రేక్ ఆయిలు మార్చాలి. క్లచ్‌కీ బ్రేకుకీ డబ్బా ఒకటే; ఆయిలు మసిలా నల్లబడింది.

"అది గాల్లో తడిని తాగుతుందే. తాగి తాగి, కొండ దిగేటప్పుడు మరిగిపోతుంది. ఇక బ్రేకు పడదు," అని ముందురోజు ఆయనే చెప్పాడు. డబ్బాలో ఏదో కూర్చుని గుటకలేస్తోందని ఆవిడకి రాత్రి కంటిమీద కునుకు లేదు.

ఆయన బండి కింద దూరి, పాత ఆయిలు పోయేలా చక్రం దగ్గర నట్టు వదులు చేస్తాడు. ఆవిడ పైన కూర్చుని బ్రేకు పెడల్ తొక్కాలి. చెవుల్లో దూది కనక పిలుపులు లేవు. కిందనుంచి ఒకసారి తడితే తొక్కాలి, రెండుసార్లు తడితే వదలాలి. "నేను తట్టకుండా వదిలావంటే గొట్టంలో గాలి దూరుతుంది. ప్రళయం వచ్చినా కాలు తియ్యకు," అన్నాడు.

బయట పొగమంచు. అద్దంలో తెలుపు తప్ప మరేం లేదు. కాసేపు పని సజావుగా సాగింది. తర్వాత కిందనుంచి మూడు తట్లు వినిపించాయి. మూడంటే ఏమిటో ఆవిడకి తెలియదు. అంతా సద్దుమణిగింది. చాలాసేపటికి కాళ్లకింద మళ్లీ ఒక్కసారి, లోతుగా, *డబ్*.

ఆవిడ తొక్కింది. రెండో తట్టు రాలేదు. పాదం కింద పెడల్ మెల్లగా దిగసాగింది. కిందనుంచి ఎవరో ఓపిగ్గా లాక్కుంటున్నట్టుంది. వెనక అలమర తలుపు దానంతటదే కిర్రుమంది.

"ఏవండీ," అంది. ఇంకోసారి గట్టిగా అరిచింది.

సంచీతో వచ్చిన కూతుర్ని కిటికీలోంచి పిలిచింది. "కింద నాన్న ఎలా ఉన్నారో చూడవే. నేను కాలు తియ్యకూడదు."

కూతురు వంగింది. "కాళ్లు కనిపిస్తున్నాయమ్మా. కదలట్లేదు."

"నర్సువి కదే, లాగి చూడు."

కూతురు పట్టి లాగింది. "అమ్మా, కాళ్లు వచ్చేశాయి."

"ఎంతవరకు?"

"నడుం దాకా."

"మరి పైది?"

"లేదమ్మా."

ఈ మాట విని ఎదురింటి పంతులమ్మ గుమ్మంలోనే కూలబడి, అంబులెన్సుకి ఫోను చేసి, ఏడుపు అందుకుంది. దర్జీ భార్య కాలు మాత్రం పెడల్ మీదే ఉంది. కాలు తియ్యకు అన్నదే ఆయన చివరి మాట మరి.

అంతలో మంచులోంచి ఒక ఆకారం నడిచొచ్చింది. చేతిలో కొత్త ఆయిలు సీసా. చెవుల్లో దూది.

"ఎవరు పోయారు?" అన్నాడు దర్జీ.

"మీరే," అంది పంతులమ్మ.

కూతురు చేతిలోది కత్తిరింపు గుడ్డలు కుక్కి ఆయన పడుకునేటప్పుడు నడుం కింద మెత్తగా పరుచుకున్న పాత ప్యాంటు. బూట్లు దాని కాళ్ల దగ్గరే విప్పి, చెప్పులేసుకుని వెళ్లాడాయన.

"ఆయిలు అయిపోయింది, షాపుకెళ్లాను. మూడు తట్టాను కదా," అన్నాడు దూది తీసి.

"మూడు సంగతి ఎప్పుడు చెప్పారు? మీరు లేకపోతే తర్వాత తట్టిందెవరు?" అంది భార్య కిటికీలోంచి.

కూతురు లోపలికెళ్లి, కారుతున్న కొళాయి కట్టేసింది. కొళాయి కారినప్పుడల్లా కొట్టుకునే నీళ్ల మోటారు బండి నేల కింద ఇంకోసారి *డబ్*మని ఊరుకుంది. అందరూ నవ్వారు. దర్జీ మరీ ఎక్కువ నవ్వాడు.

దర్జీ భార్య మాత్రం నవ్వలేదు. "వెళ్లేముందు నట్లన్నీ బిగించారా?"

"బిగించకుండా వెళ్తానా?"

"అన్నీ బిగించి ఉంటే ఈ పెడల్ నేల దాకా ఎలా దిగిందండీ? ఆయిలు ఎటు పోయింది?"

దర్జీ నవ్వు ఆగిపోయింది. వంగి వెనక చక్రం లోపలికి చేయి పెట్టాడు. వేళ్లు నల్లగా, తడిగా వచ్చాయి. కొండ మీది మలుపుల రోడ్డు వైపు చూశాడు, కూతురి సంచీ వైపు చూశాడు.

"ఈ బ్రేకుతోనా పిల్లని కొండ దింపేది?" అంది భార్య.

ఆయన చాలాసేపు వేళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. అంబులెన్సు వచ్చి, వివరం కనుక్కుని, వెనక్కి తిరిగింది. మంచు కూడా విడిపోయింది.

"బస్సు ఎన్నింటికి?" అన్నాడు.