చక్రాల మీద కొళాయి

మా అనంతపురం వైపు మొగుడు పెళ్లాం దగ్గర పరువు పోగొట్టుకోవాలంటే బోరు వేయించాలి. అందరూ నడిచే ఆ దారి నాకు నచ్చలేదు. నేను పాత టెంపో వ్యాను కొన్నాను.

ఉత్త వ్యాను కాదు సుమా! సీట్లన్నీ పీకించి మంచం పెట్టించాను, గ్యాసు పొయ్యి పెట్టించాను. నేల కింద నీళ్ల ట్యాంకు, దానికో పంపు, పంపుకో కొళాయి. మా వీధి కొళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు. నా బండిలో మాత్రం స్విచ్చి నొక్కితే చాలు. దాన్ని రాప్తాడులో మా ఇంటి ముందు నిలబెట్టిన రోజు నా కాళ్లు నేల మీద లేవు.

"ఇదేం బండయ్యా?" అంది మా ఆవిడ జ్యోతిలక్ష్మి.

"ఇల్లే! చక్రాలున్న ఇల్లు. మనిద్దరం ఊళ్లు తిరగొచ్చు."

"ఉండే ఇంటికే నీళ్లు లేవు. దీనికి చక్రాలు కూడా కావల్నా?"

అదే సమయానికి మా బావమరిది గంగాధరప్ప ముదిగుబ్బ నుంచి దిగాడు. వాడికి గొర్రెల మందలున్నాయి. ఏ వస్తువును చూసినా అందులో ఎన్ని గొర్రెలు పడతాయో చూస్తాడు. మా పెళ్లి పందిట్లో కూడా చూశాడు.

వాడు బండెక్కి జానలు వేసి కొలిచాడు. "బావా, ఈ మంచం పీకేస్తే ఒక మంద పడతాది. పొయ్యి కాడ పొట్టేలును కట్టేయొచ్చు."

నేను పోయి మంచం మీద అడ్డంగా కూర్చున్నాను. మా ఆవిడకు తమ్ముడంటే ప్రాణం. చివరికి ఆమే పందెం పెట్టింది.

"లేపాక్షికి పోయి వచ్చేదాకా కొళాయిలో నీళ్లు వస్తే బండి మనది. నువ్వు యాడికి పిలిస్తే ఆడికి వస్తా. రాకపోతే బండి మా తమ్మునికి."

"సరే! కానీ ఒక్క బిందె కూడా బండెక్కగూడదు. బిందె ఎక్కితే నా పంపుకు అవమానం."

ఆమె నన్ను ఎగాదిగా చూసి "అట్లనే" అంది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ "అట్లనే"కి భయపడాలని నాకింకా తెలియలేదు.

మర్నాడు తెల్లవారుజామున ట్యాంకు నిండా నీళ్లు పట్టాను. స్విచ్చి నొక్కి కొళాయి తిప్పితే చెయ్యంత ధార!

"అబ్బ! ఎంత బాగా వస్తాండాదయ్యా!" అంది మా ఆవిడ. ఆమె కళ్లు మెరిశాయి. అవి నన్ను చూసే మెరిశాయనుకున్నాను.

గంగాధరప్పను పందేనికి పెద్దమనిషిగా వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాం. దారి పొడుగునా మంచం కింద ఒకటే దడదడ. పాత బండి కదా, కీళ్లు కదులుతున్నాయనుకున్నాను. పెనుకొండ దగ్గర టీకి ఆపాను.

"నేను దిగను. నాకు పనుండాది," అంది జ్యోతిలక్ష్మి.

బండిలో ఆమెకేం పనో అడగాలని నాకు తోచలేదు. బావమరిది, నేను వేడి వేడి బోండాలు తిని, టీ తాగి, రాజకీయాలు తేల్చి వచ్చేసరికి ఆమె చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి.

"చెయ్యి కడుక్కున్నాలే," అంది.

అక్కడి నుంచి దడదడ ఆగిపోయింది. బండి దారికి సర్దుకుందని సంబరపడి పాట కూడా ఎత్తుకున్నాను.

లేపాక్షిలో నంది దగ్గర బండి నిలిపి, "రాండి, కొళాయిలో కాళ్లు చేతులు కడుక్కుందాం!" అని దర్జాగా తిప్పాను. పంపు గుర్రుమంది. కొళాయి సుయ్యిమంది. నీళ్లు మాత్రం చుక్క లేదు.

గంగాధరప్ప మళ్లీ జానలు వేయడం మొదలుపెట్టాడు.

"ట్యాంకు మూత తీసి చూడయ్యా," అంది మా ఆవిడ.

"పొద్దున నా చేతుల్తో నేనే నింపినా! ఇది పంపు విషయం. నీకు తెలీదు, ఊరికే ఉండు."

మా వైపు గుళ్లో పూజారి లేకపోవచ్చు గానీ మోటార్లు తెలిసినవాడు లేని చోటుండదు. పంపు గుర్రుమనడం విని దర్శనానికి వచ్చినవాళ్లంతా చెప్పులు మోగించుకుంటూ వచ్చేశారు. వాళ్లలో ముందువాడు నాగప్ప. వాళ్ల ఊళ్లో స్టార్టర్ నాగప్ప అంటారట. పంపుకు చెవి ఆనించి నాడి చూశాడు.

"బోరు ఎండిపోయిండాదన్నా. ఇంకో రెండు పైపులు దించల్ల."

"యాడికి దించేదప్పా? కింద తారు రోడ్డుండాది!"

"అట్లయితే గాలి పట్టింటాది. చెంబుడు నీళ్లు పోస్తే ఎత్తుకుంటాది."

మంచం పక్క తెర వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి చెంబుడు నీళ్లు అందించింది. పోశాం. పంపు ఆ నీళ్లు తాగేసి, కొళాయిలోంచి అంతే నీళ్లు కక్కి, మళ్లీ గుర్రుమంది.

"ఎత్తుకుంటాండాది! ఇంకో చెంబు!" అని గంతేశాను. ఇంకో చెంబు వచ్చింది. తర్వాత ఇంకోటి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగాలని నాకు తోచలేదు. నాకు తోచనివన్నీ కలిపితే ఇంకో సంసారం నడిపేయొచ్చు.

"ట్యాంకు చూడయ్యా," అంది తెర వెనక గొంతు.

"నువ్వుండవే! పని జరుగుతాంటే అడ్డమొస్తావు!"

నాగప్ప వైర్లు మార్చాడు. అంతే, హారన్ మోగడం మొదలుపెట్టింది, ఆగదు! నంది దగ్గర ఫొటోలు తీసుకునేవాళ్లు కూడా ఇటు పరుగెత్తారు. జనంలోంచి టెంకాయ పట్టుకుని ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. పేరు వీరప్ప. బోర్లకు పాయింట్లు చూసే మనిషి.

"అరిచి లాభం లేదప్పా. నీళ్లు యాడుండాయో చూస్తే సరి," అంటూ దేవుడికని తెచ్చిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి బండెక్కాడు. పొయ్యి దగ్గర టెంకాయ కదల్లేదు. కొళాయి దగ్గరా కదల్లేదు. మా ఆవిడ కూర్చున్న మంచం దగ్గరికి రాగానే నిటారుగా లేచి నిలబడింది!

జనం "ఓ" అన్నారు. హారన్ కూడా అప్పుడే ఆగింది.

"ఈడ మంచి ఊట ఉండాది. నాది గ్యారంటీ," అన్నాడు వీరప్ప.

నేను పకపకా నవ్వాను. "టైర్ల మీద ఊటేందప్పా? మంచానికి బోరు వేస్తావా?"

"లెయ్యి తల్లీ," అన్నాడాయన. మా ఆవిడ లేవలేదు.

"లెయ్‌క్కా," అన్నాడు తమ్ముడు. అప్పుడు లేచింది.

మంచం పలక ఎత్తాను. కింద దుప్పట్ల మధ్య వరసగా బిందెలు! నిండు బిందెలు! కుక్కర్లో నీళ్లు, పాలగిన్నెలో నీళ్లు, టిఫిన్ క్యారియర్ గిన్నె గిన్నెలో నీళ్లు. నా ట్యాంకు మొత్తం అక్కడ కాపురముంది.

"ఏమే ఇది?"

"పెనుకొండలో కొళాయి తిప్పి చూస్తి. వచ్చె. పట్టి పెట్టినా."

"అది మన కొళాయే కదే!"

"ఎవరిదైతే ఏమి? కొళాయి వస్తాంటే పట్టుకోకుండా చూస్తా కూర్చుంటారా? మళ్లా ఎప్పుడొస్తాదో ఎవరికి తెలుసు?"

"నిజమే కదప్పా!" అన్నారు చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్క గొంతుతో. నా వైపు ఒక్కరు కూడా లేరు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"బిందెలు ఎక్కగూడదంటివి. చెప్తే ఆడికాడికే అరుస్తావు. అందుకే ట్యాంకు చూడు, ట్యాంకు చూడు అని మొత్తుకుంటి. విన్యావా?"

గంగాధరప్ప చెయ్యి చాపాడు. "కొళాయి రాలేదు బావా. బండి బీగాలియ్యి."

నా నోరు ఎండిపోయింది. నా కలల బండిలో పొయ్యి కాడ పొట్టేలు నిలబడి కనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నా దగ్గరున్న నీళ్లు అవే.

జ్యోతిలక్ష్మి నా మొహం చూసింది. "ఉండరా తమ్ముడా. ఇంత మంచి కొళాయి గొర్రెలకెందుకు? బండి మా ఇంటికాడే ఉండనీ," అంది.

ఆనందం పట్టలేకపోయాను! బిందెలు మళ్లీ ట్యాంకులో పోస్తే పంపు బ్రహ్మాండంగా ఎత్తుకుంది. నాగప్పకు, వీరప్పకు, ఆడవాళ్లందరికీ కొళాయి నీళ్లు పట్టి ఇచ్చాను. ఇంటిదాకా హంపీ, గోకర్ణం, కన్యాకుమారి అంటూ ఊళ్ల పేర్లు చదువుతూనే వచ్చాను. ఆమె అన్నిటికీ "అట్లనే" అంది.

మర్నాడు పొద్దున పంపు చప్పుడుకు మెలకువ వచ్చింది. బయటికి పరుగెత్తాను. బండి కిటికీలోంచి ఒక పైపు బయల్దేరి మా వంటింటి కిటికీలోకి పోయింది. వంటింట్లో మా ఆవిడ ఆ పైపు కొసన బియ్యం కడుగుతూ ఉంది.

"ఇదేమే? యాడికి పిలిస్తే ఆడికి వస్తానంటివి!"

"కొళాయి వస్తే వస్తానంటి. రాకపాయె కదా? పందెం నువ్వే ఓడిపోతివి. గొర్రెల పాలు కాకుండా బండిని నిలబెట్టింది ఎవరు?"

జవాబుంటే మీరే చెప్పండి, ఆమెకు చేరవేస్తాను.

ఇప్పుడు మా వీధికి నీళ్లు వచ్చిన రోజున ముందు నిండేది నా బండే. ఎప్పుడైనా మనసు పట్టలేక డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, కన్యాకుమారి మలుపులో హారన్ కొడతాను. వెంటనే వంటింట్లోంచి కేక వస్తుంది.

"హారన్ కొట్టొద్దయ్యా! బ్యాటరీ దిగితే పంపు ఆడదు!"