ఎడ్నా అల్లం కేకు

ఆ శనివారానికి విల్‌ఫ్రెడ్ వేసుకున్న పథకంలో ఇద్దరే ఉన్నారు: తనూ, ఇంగరూ. ఉదయం వేయించిన గుడ్లు, పంది రక్తంతో చేసే రక్తపు సాసేజీ. తర్వాత ఊరి మ్యూజియం. ఆపైన మ్యూజియం తోటలో టీ, అల్లం కేకు.

ఇంగర్‌ది డెన్మార్క్. విల్‌ఫ్రెడ్ భార్య ఎడ్నాకు నలభై ఏళ్లు ఉత్తరాలు రాసిన స్నేహితురాలు. ఎడ్నా పోయి ఆరేళ్లయింది. జవాబుల్లో ఎడ్నా విల్‌ఫ్రెడ్ గురించి ఏం రాసిందో ఇంగర్ నోట వినాలని, తనొక్కడే వినాలని అతని కోరిక. ఎడ్నా కేకు కొలతల కోసం సొరుగులన్నీ వెతికాడు. దొరకలేదు. గుర్తున్నంతలో తనే కాల్చాడు.

ఇంగర్ టాక్సీ దిగుతుంటే పక్కింటి సిరిల్ గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. ఎడ్నా ఉన్నప్పుడూ ప్రతి గురువారం అక్కడే ఆనుకుని నిలబడేవాడు. ఆమె నవ్వేది. దేనికో విల్‌ఫ్రెడ్‌కు ఎవరూ చెప్పలేదు.

"చుట్టాలొచ్చారా?"

"ఆఁ. టిఫిను, మ్యూజియం. నువ్వూ రాకూడదూ."

ఇంగ్లండులో ఆ యార్క్‌షైర్ వైపు, మర్యాదకు అన్న ఆ మాటకు "లేదులే, పనుంది" అనాలి. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ అలాగే అనుకుంటున్నారు.

"కోటు తెచ్చుకుంటానుండు," అన్నాడు సిరిల్.

ఇంగర్‌కు రక్తపు సాసేజీ గొంతు దిగలేదు. "ఇటు తోసెయ్యండమ్మా, ఆయన చూడట్లేదు," అన్నాడు సిరిల్. విల్‌ఫ్రెడ్ చూస్తూనే ఉన్నాడు. ఇంగర్ నవ్వింది. ఎడ్నా నవ్వినట్టే.

మ్యూజియంలో సిరిల్ వారానికి రెండు రోజులు జీతం లేకుండా పనిచేస్తాడు. మగ్గం చూపించాడు, బొగ్గుగని దీపం చూపించాడు. ఇంగర్ అతని పక్కనే నడిచింది. విల్‌ఫ్రెడ్ కోటు కింద కేకు డబ్బా దాచుకుని వెనక నడిచాడు. లోపలికి తిండి తేకూడదు. కాపలామనిషి ఎదురొస్తుంటే, పాతకాలపు వంటగదిని ప్రదర్శనకు పెట్టిన గదిలో, అడ్డంగా కట్టిన తాడు అవతలి బల్ల మీద డబ్బా పెట్టేశాడు.

కాపలామనిషి పోలేదు. పైగా నలుగురు ఆడవాళ్లు వచ్చి డబ్బాను మెచ్చుకున్నారు. వాళ్ల వెనక మరికొందరు క్యూ కట్టారు.

"మా అమ్మమ్మ డబ్బా అచ్చం ఇలాగే ఉండేది."

"అది నాదండీ," అన్నాడు విల్‌ఫ్రెడ్.

"అందరిదీనండీ. వరసలో రండి," అన్నాడు కాపలామనిషి.

సిరిల్‌ను అడిగితే క్షణంలో తీసిచ్చేవాడు. విల్‌ఫ్రెడ్ అడగలేదు. తాడు దాటి చెయ్యి చాచాడు. ప్రమాద గంట మోగింది. మ్యూజియం మొత్తం వానలోకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ క్యూలో నిలబడింది.

సిరిల్ లోపలికెళ్లి గంట ఆపించి, డబ్బా తెచ్చి ఇంగర్ చేతికిచ్చాడు. ఆమె గొడుగు కింద ఒక ముక్క తింది. చాలాసేపు నమిలింది.

"ఎలా ఉంది ఎడ్నా కేకు?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"ఎడ్నా ఎప్పుడు చేసిందండీ? చేసేది సిరిల్ గారు కదా. మీకు తెలుసనుకున్నాను."

సంచిలోంచి ఎడ్నా రాసిన ఉత్తరం తీసి చదివింది. "గురువారం గోడ మీంచి సిరిల్ కేకు అందించాడు. విల్‌ఫ్రెడ్ నేనే చేశాననుకుని మూడు ముక్కలు తిన్నాడు. ఆ సంగతి సిరిల్‌కి చెప్పి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆయనకి మాత్రం చెప్పను. తెలిస్తే మానేస్తాడు. అది తింటున్నప్పుడొక్కటే ఆయన మొహం చూడబుద్ధేస్తుంది."

వాన పడుతూనే ఉంది.

"కొలతలు నన్నడగాల్సిందోయ్," అన్నాడు సిరిల్.

తర్వాతి గురువారం గోడ మీద ఒక డబ్బా ఉంది. విల్‌ఫ్రెడ్ కర్టెన్ సందులోంచి సాయంత్రం దాకా చూశాడు. చినుకులు మొదలయ్యాక వెళ్లి లోపలికి తెచ్చుకున్నాడు. మూడు ముక్కలు తిన్నాడు.

డబ్బా మాత్రం కడగకుండా తిరిగిచ్చాడు.