మేకప్ అక్కరలేని నలభై మంది

ఎమ్మెల్యే గారి ఆఫీసు నుంచి నాకు వచ్చిన పనుల లిస్టు:

ఒకటి, బస్టాండులో స్వాగతం ఫ్లెక్సీలు ఆరు. ఎమ్మెల్యే గారి బొమ్మ పెద్దది, పిశాచాల బొమ్మ చిన్నది.
రెండు, రక్తపిశాచాల వేషాలకు మనుషులు నలభై మంది.
మూడు, రక్తదాన శిబిరం. ఫొటోగ్రాఫరు తప్పనిసరి.
నాలుగు, ‘రక్తహీనత లేని మండలం’ అవార్డుకు రిజిస్టర్లు సిద్ధం చేయించుట.
ఐదు, షూటింగు దగ్గరికి నీళ్ళ ట్యాంకరు. ఊళ్ళోకి పోయేదైనా సరే, మళ్ళించవలెను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. గ్రామ సచివాలయంలో ఉద్యోగం. అందుకని బాధ్యత నా మీద పెట్టారు. అన్ని పనులూ సక్రమంగా జరిగాయని పాఠకులకు మనవి.

రక్తపిశాచాలు మనుషుల మధ్యే బహిరంగంగా కాపురాలు చేసుకునే టీవీ సీరియల్ ఒకటి తీస్తున్నారు. అందులో పిశాచాలకు రేషన్ కార్డులున్నాయి. పట్టపగలే బస్సెక్కుతాయి. ఒకాయన హైస్కూల్లో లెక్కలు కూడా చెబుతాడు. వాటి పల్లె సీన్ల కోసం మా మండలాన్ని ఎంచుకున్నారు. ఎమ్మెల్యే గారు విలేకరులను పిలిపించి ఈ చారిత్రక విజయాన్ని ప్రకటించారు. ఇన్ని ఊళ్ళుండగా ఇక్కడికే ఎందుకని ఒక విలేకరి అడిగాడు.

“డైరెక్టరు ఒకేసారి చూసినాడప్పా. సెట్టింగు అక్కర్లేదు, ఎవరో పీల్చి పారేసినట్టే ఉండాది అన్నాడు. ఇంతకన్నా సర్టిఫికెట్ ఏం కావల్ల మనకు?”

చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మనుషులను ఏరడానికి మేకప్ మాస్టర్ శ్రీనివాసులు హైదరాబాదు నుంచి వచ్చాడు. శనక్కాయలు వలిచే పని ఆపించి ఆడవాళ్ళను పిలిపించాము. ఆయన పద్ధతి చూడాల్సిందే. మనిషిని వెలుగు వైపు తిప్పి, బొటనవేలితో కింది కనురెప్ప లాగుతాడు. లోపల తెల్లగా ఉంటే ఓకే. గంటలో నలభై మందీ దొరికారు. ఒక్కరికీ పౌడరు పని లేదని ఆయన మురిసిపోయాడు.

మా మండల ఆసుపత్రి నర్సు వనజాక్షి పక్కన నిలబడి చూసింది. నెలనెలా ఆమె కూడా అదే రెప్ప లాగి, రక్తం తక్కువున్నవాళ్ళ పేర్లు రాసుకుంటుంది. ఆయన ఏరినవీ, ఆమె రాసుకున్నవీ ఒకే నలభై పేర్లట. కాకపోతే అవార్డు దృష్ట్యా డాక్టరు జయరాజు గారు ఆమె లిస్టును తిప్పి పంపి, రిజిస్టరులో అందరికీ హిమోగ్లోబిన్ పదకొండు గ్రాములకు పైగానే వేయించారు. పదకొండుంటే లోపం లేనట్టు.

ఆ నలభై మందిలో అశ్విని ఒకతి. ఏడో నెల కడుపు. ఉన్న రక్తం ఐదున్నర.

వనజాక్షి ఆమెను డాక్టరు గారి గదికి తీసుకుపోయింది. పెద్దాసుపత్రికి రాసిస్తే రక్తం ఎక్కిస్తారని, ఆలస్యమైతే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరని చెప్పింది. డాక్టరు గారు రిజిస్టరు తెప్పించి తిరగేశారు.

“పోయిన నెల పదకొండు పాయింట్ రెండు. ఈ నెల ఐదున్నర అంటే పైవాళ్ళకు ఏమని చెప్పేదమ్మా? మధ్యలో ఎవరు తాగినారు?”

“మీరే కదా సార్ అట్ల ఏయమనింది.”

“అవార్డు టీము సోమవారం వస్తాండాది. మంగళవారం రాసిస్తాలే.”

“నిలబడితే కండ్లు తిరుగుతాండాయి సార్” అంది అశ్విని.

డాక్టరు గారిది దయగల మనసు. షూటింగులో ఆమెకు కూర్చునే వేషం ఇప్పించమని నాతో చెప్పారు. వెంటనే ఇప్పించాను. ఆమె భర్త కేశవ బస్సులోనైనా తీసుకుపోతానన్నాడు. కాయితం లేకుండా పోవడం పద్ధతి కాదని, చదువుకున్నవాణ్ణి కాబట్టి నేనే నచ్చజెప్పాను.

ఆదివారం రక్తదాన శిబిరం. ఎమ్మెల్యే గారు మంచం మీద పడుకుని, మోచేతికి ప్లాస్టరు అంటించుకుని, రబ్బరు బంతి పిసుకుతూ ఫొటో దిగారు. అదే ప్లాస్టరుతో మరో నూట పన్నెండు మంది దిగారు. కోరలు పెట్టుకున్న సీరియల్ హీరో అందరికీ సర్టిఫికెట్లు పంచాడు. సూది గుచ్చించుకున్నవాడు ఒక్క కేశవే. ఆ ప్యాకెట్టు చేత పట్టుకుని ఎమ్మెల్యే గారు ఇంకో ఫొటో దిగారు.

“అన్నా, అది నా పెండ్లానికి పనికొచ్చేటట్టు చూడన్నా” అన్నాడు కేశవ.

ఎమ్మెల్యే గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. “మన మండలంలో రక్తం తక్కువోళ్ళు యాడుండారప్పా? పేపర్లో ఏసినారు, సూడలేదా?”

సోమవారం టీము వచ్చింది. రిజిస్టర్లు చూసి, కొట్టివేతలు ఒక్కటీ లేవని మెచ్చుకుంది. అదే సమయానికి షూటింగులో అశ్విని అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. డైరెక్టరు కట్ అన్నాక ముప్పై తొమ్మిది మంది లేచారు. షాటు చాలా సహజంగా వచ్చిందని ఆయన అన్నాడు.

అవార్డు మా మండలానికే వచ్చింది. ఈ నెల రిజిస్టరును నిన్న నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. నలభై పేర్లూ ఉన్నాయి. అశ్వినికి పదకొండు పాయింట్ నాలుగు. పోయిన నెలకన్నా మెరుగు.

సీరియల్ వచ్చే నెల నుంచి, రాత్రి ఎనిమిదింటికి. పల్లె సీనులో అరుగు మీద ఒకామె కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉంటుంది. కెమెరా ఆమె మీద రెండు క్షణాలే ఆగుతుంది. చివర్లో వేసే పేర్లలో ఆమె పేరు ఉండదు. అశ్విని అంటారు. కొంచెం గుర్తు పెట్టుకోండి.