టమాటా రకాల ఉపసంహరణ సంఘం

ఒక టమాటా రకాన్ని పెంచడానికి పిడికెడు మట్టి, చెంబెడు నీళ్ళు చాలు. దాన్ని పెంచడం మానేయడానికి మాత్రం ఒక అధ్యక్షుడు, ఒక సభ్య కార్యదర్శి, ఒక సాంకేతిక నిపుణుడు, నాలుగు రకాల ఫారాలు, మూడు ప్రతుల్లో తుది నివేదిక కావాలి. ఈ సత్యాన్ని మానవజాతి ఇంతకాలం గుర్తించకపోవడం వల్లనే ఇళ్ళల్లో మొక్కల్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు పీకి పారేస్తున్నారని పెద్ద గుమాస్తా గారి నిశ్చితాభిప్రాయం.

పెద్ద గుమాస్తా గారు ఇప్పుడు ఎక్కడా గుమాస్తా కాదు. జనన మరణాల నమోదు కార్యాలయంలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి ఏడేళ్ళ కిందట రిటైరయ్యారు. (పుట్టినట్టు రుజువు చూపలేని వాళ్ళని ఆయన పుట్టనివ్వలేదు. పోయినట్టు రుజువు లేనివాళ్ళని పోనివ్వనూ లేదు.) ప్రస్తుతం ఆయన ఏలుబడిలో ఉన్నది ఇంటి డాబా మీద పద్నాలుగు పెద్ద కుండీలు. ఒక్కో కుండీలో ఒక్కో టమాటా రకం. గుండుగాడు, నల్లదొర, పగుళ్ళమ్మ, ముడతల మామయ్య, ఎప్పుడడిగినా ఇంకో వారం అన్నట్టుండే ఆలస్యం గారు, ఇలా అన్నిటికీ పేర్లు పెట్టి, రిజిస్టరు తెరిచి, పుట్టిన తేదీలు రాసుకున్నారు.

చిక్కంతా మేస్త్రీ వల్ల వచ్చింది. పడకగదిలో సీలింగు మీద తడి మరక ఒకటి నెమ్మదిగా విస్తరిస్తుంటే చూసి చెప్పమని పిలిచారు. మేస్త్రీ డాబా ఎక్కి, స్లాబు మీద సుత్తితో నాలుగు చోట్ల కొట్టి, చెవి ఆనించి విని వచ్చాడు.

"తూర్పు వైపంతా నానిపోయింది సార్. వచ్చే పంటకి ఎనిమిది కుండీలకి మించి పెట్టకండి. పెడితే మీరు మేడెక్కక్కర్లేదు, టమాటాలే మీ మంచం మీదకి వస్తాయి."

"అయితే ఆరు తీసెయ్యండి. అంతేగా," అంది గుమాస్తా గారి భార్య.

గుమాస్తా గారు ఆవిడ వైపు జాలిగా చూశారు. అంతేగా అనుకుని మొదలుపెట్టిన పనుల ఫైళ్ళని బీరువాల నిండా చూసిన మనిషి ఆయన.

ఆ సాయంత్రమే టమాటా రకాల ఉపసంహరణ సంఘం ఏర్పాటైంది. అధ్యక్షులు ఆయనే. సభ్య కార్యదర్శి ఆయన భార్య. (ఈ సంగతి ఆవిడకి మూడో సమావేశం అయ్యాక తెలిసింది. అప్పటిదాకా టీ పట్టుకొచ్చినందుకు హాజరు వేస్తున్నారనుకుంది.) కింది వాటాలో ఉండే బావమరిది మందుల షాపు నడుపుతాడు కాబట్టి తెగుళ్ళ మీద సాంకేతిక నిపుణుడు. బ్యాంకులో పనిచేసే కూతురు నిష్పాక్షిక పరిశీలకురాలు. సంఘం నియమావళి పదిహేడు పేజీలొచ్చింది. అందులో నాలుగో నిబంధన ఇలా ఉంది: డాబా మీద మొలిచిన ప్రతి టమాటా మొక్కా, ఏ మినహాయింపూ లేకుండా, విచారణ పరిధిలోకి వచ్చును. తొమ్మిదో నిబంధన: సంఘం నిర్ణయమే తుది నిర్ణయం, అధ్యక్షుడితో సహా ఎవరికీ అప్పీలు లేదు.

ఇంత గట్టి నిబంధనలు రాయడానికి ఒక కారణం ఉంది. ఆయనకి ఒక్క రకం మీద మాత్రం ప్రాణం కొట్టుకుంటోంది. పాత ఆఫీసు గుర్తుగా దాని పేరు దఫ్తరు. రిటైరైన ఏడాది రెండు రకాలు వాటంతటవే కలిసి పుట్టిన మొక్క నుంచి గింజ తీసి, ఏటేటా మంచి కాయని ఎంచి, ఏడేళ్ళు కాపాడుకొచ్చిన సొంత రకం. లోకంలో ఇంకెక్కడా లేదు. ఈ డాబా మీద నుంచి పోతే ఇక ఎక్కడా ఉండదు. మిగిలిన పదమూడూ పోయినా ఓర్చుకోగలరు గానీ అది పోతే తట్టుకోలేరు. అయితే తనదని చెప్పి ఉంచుకుంటే నలుగురూ పక్షపాతం అంటారు. న్యాయంగా గెలవాలి, ఎలాగూ గెలుస్తుంది. ఏడేళ్ళుగా తిన్నవాళ్ళంతా బావుంది బావుందని అంటూనే ఉన్నారు.

మొదట పద్నాలుగు మొక్కలకీ సంజాయిషీ నోటీసులు కట్టారు. పగుళ్ళమ్మ కాండానికి దారంతో వేలాడదీసిన నోటీసు ఇది: "నీవు గత పంటలో పదకొండు కాయలు మాత్రమే కాసి, అందు ఏడు కాయలు పగులుటకు కారణమైనందున, నీ పెంపకమును ఏల నిలిపివేయరాదో పదిహేను దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను."

గడువులోగా ఎవరూ జవాబివ్వలేదు. పన్నెండో రోజున ఆలస్యం గారు మాత్రం ఒక పూత పూశారు. దాన్ని మధ్యంతర సమాధానంగా స్వీకరించి ఫైల్లో పెట్టారు.

తరవాత సిఫార్సులు మొదలయ్యాయి. బావమరిది ఒకరోజు మెట్ల దగ్గర ఆపాడు.

"బావా, గుండుగాడిని కాస్త చూడండి. నా టిఫిన్ డబ్బా మూతలో సరిగ్గా పడుతుంది."

"మీ కోరిక ఫారం మూడులో నింపి ఇవ్వండి."

"ఇంట్లోవాళ్ళమే కదా బావా."

"ఇంట్లోవాళ్ళకి ఫారం మూడు-ఆ. దాని రంగు వేరు."

ఇక మిగిలింది రుచి పరీక్ష. ఆదివారం ఉదయం డాబా మీద బల్ల వేశారు. మొక్క పేరు గానీ, కాయ రూపం గానీ తీర్పుని ప్రభావితం చేయకూడదని తీర్పరులందరి కళ్ళకీ తువ్వాళ్ళు కట్టించారు గుమాస్తా గారు. కూతురు కాయలు కోసి, పళ్ళేలకి అంకెలు వేసి, ఏ అంకె ఏ రకమో రాసిన కాగితాన్ని కవర్లో పెట్టి అంటించింది. ఆయన తడుముకుంటూనే ఆ అతుకు మీద సంతకం చేశారు. కళ్ళు మూసుకున్నా దఫ్తరుని పోల్చుకోగలనన్న ధీమా ఆయనకి లోపల ఉంది. ఆ ధీమాని మాత్రం నియమావళిలో రాయలేదు.

ఆరో పళ్ళెం ముక్క నోట్లో పడగానే ఆయన ఒళ్ళు పులకరించింది. తీపి, పులుపు, వాసన అన్నీ సరిగ్గా కుదిరాయి. ఇదే. ఏడేళ్ళ కష్టం ఊరికే పోలేదు. గొంతులో సంతోషం బయటపడకుండా అణచుకుని, "పదికి పది. రాసుకోమ్మా," అన్నారు.

పదకొండో పళ్ళేనికి మొహం చిట్లించారు. ఇంకో ముక్క అడిగి తీసుకుని, అదీ నమిలి, ధర్మాగ్రహంతో తువ్వాలు కిందే కళ్ళెర్రజేశారు.

"రెండు మార్కులు. అభిప్రాయం కూడా రాసుకో. తోలు మందం, లోపల పిండి, రుచి నానబెట్టిన అట్టముక్క. ఇంతకాలం దీన్ని పెంచినవారెవరో గుర్తించి, వారి నుంచి వివరణ కోరవలెను."

"వివరణ కోరవలెను, రాశాను నాన్నా," అంది కూతురు. ఆ పిల్ల గొంతు ఎందుకో కాస్త వణికింది.

మార్కులు కూడారు. తువ్వాళ్ళు విప్పారు. కవరు చించి కూతురు చదివింది. ఆరో నంబరు, నీళ్ళగొట్టం పక్కన పగుల్లో దానంతట అదే మొలిచిన మొక్క. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, రిజిస్టర్లో పేరు లేదు. నాలుగో నిబంధన ప్రకారం చేర్చక తప్పలేదు. పదకొండో నంబరు దగ్గర ఆగి తల్లి వైపు చూసింది. తల్లి డాబా పిట్టగోడ వైపు చూసింది.

"చదువమ్మా," అన్నారు అధ్యక్షులు.

"దఫ్తరు నాన్నా."

బావమరిదికి ఉన్నట్టుండి షాపు గుర్తొచ్చింది గానీ లేవడానికి ధైర్యం చాల్లేదు. గుమాస్తా గారు మార్కుల కాగితం తీసుకుని మూడుసార్లు కూడారు. మొత్తం మీద ఆఖరి స్థానం. ముగ్గురు తీర్పరుల్లో అందరికన్నా తక్కువ వేసింది ఆయనే. సిగ్గు వేసింది, దుఃఖం వచ్చింది, రెండిటిలో ఏది ముందు నమోదు చేయాలో తెలియలేదు.

"ఏడేళ్ళుగా మీకు నేనిచ్చిన పళ్ళు ఏం చేశావయ్యా నువ్వు?" అని బావమరిదిని అడిగారు. కోపంలో మీరూ నువ్వూ కలిసిపోయాయి.

బావమరిది తన తువ్వాలు మడతపెట్టాడు. "వీధి చివర కుందేళ్ళు పెంచే ఆయనకి ఇచ్చేవాణ్ణి బావా. మొదట్లో తినేవి."

ఆయన భార్య వైపు తిరిగారు. "మరి నువ్వు? ఏటా బావుందనే అన్నావుగా."

ఆవిడ పళ్ళేలు ఒకదాని మీద ఒకటి సర్దుతూ చెప్పింది.

"రిటైరైన కొత్తలో పొద్దున్నే తయారై, సంచి పుచ్చుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేవారు. నాలుగు నెలలు అలాగే చేశారు. ఒకరోజు ఈ పండు పట్టుకుని పరుగెత్తుకుంటూ కిందకొచ్చారు. అన్నాళ్ళ తరవాత మీ మొహంలో కళ చూశాను. అప్పుడు పిండిగా ఉందని ఎలా చెప్పనండీ? ఆ ఏడు చెప్పలేదు కాబట్టి తరవాత చెప్పడానికి వీల్లేకపోయింది."

ఆయన ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశారు, రాలేదు. ఏడేళ్ళ పాటు ఆ పిండి కాయని నవ్వుతూ తిన్న మనిషి ఆవిడ.

"పోనీ దాన్ని ఉంచుకుందాం లెండి," అంది ఆవిడ. "మానవతా దృష్టితో అని రాస్తే సరి."

"తొమ్మిదో నిబంధన ఒప్పుకోదు."

"మీరు రాసిందేగా."

"అందుకే ఒప్పుకోదు."

మర్నాడు ఆయన తన పేర తనే మెమో జారీ చేసుకుని, అందినట్టు సంతకం పెట్టి, గడువు ముగిసేలోగా వివరణ ఇచ్చారు. "ఈ విషయమున నన్ను ఎవరును తప్పుదారి పట్టించలేదు, ప్రేమగా చూసుకున్నారు, అంతే" అన్నది అందులో ముఖ్య వాక్యం. అధ్యక్షుల హోదాలో దాన్ని పరిశీలించి, సంతృప్తికరంగా లేదని తిరస్కరించారు.

దఫ్తరుకి మాత్రం మర్యాదగా వీడ్కోలు చెప్పాలని పట్టుబట్టారు. ఒక సాయంత్రం డాబా మీద పడమటి వైపు నాలుగు కుర్చీలు వేసి, కుండీని మధ్యలో పెట్టి, అందరికీ టీ పోశారు. బావమరిది లేచి గొంతు సవరించుకున్నాడు. దఫ్తరు లేని డాబాని ఊహించలేమన్నాడు. దాని సేవలు మరువలేనివన్నాడు. అది పదవి నుంచి తప్పుకున్నా దాని సలహాలు మనకి ఎప్పుడూ అవసరమేనన్నాడు. కూతురు లేచి, క్రమశిక్షణకి మారుపేరంటే దఫ్తరేనంది. గుమాస్తా గారు మొదట తృప్తిగా తలాడిస్తూ మినిట్సు రాసుకున్నారు. రెండో వక్త సగంలో ఉండగా ఆయన కలం ఆగిపోయింది. ఆ తరవాత ఏమీ రాయలేదు.

సభ ముగిసి బావమరిదీ కూతురూ కిందకి దిగాక, ఆయన భార్యని దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారు.

"ఏమోయ్, ఏడేళ్ళ కిందట మా ఆఫీసులో నాకు చేసిన సభకి నువ్వూ వచ్చావుగా. అక్కడ కూడా ఇవే మాటలన్నారు కదూ?"

ఆవిడ కప్పులు ఏరుతూ ఆగింది. ఇక మీదట ఆయనతో నిజమే చెప్పాలని ఆ ఆదివారమే నిశ్చయించుకున్న మనిషి కాబట్టి, బాగా గుర్తు తెచ్చుకుని మరీ చెప్పింది.

"ఇవేనండి. కాకపోతే అక్కడ టీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టారు."