ఎర్రకారుకు రెండు పక్షాలు

ఒక పెద్ద అడవిలో రోడ్లు తక్కువ, సలహాలు ఎక్కువ. ఉన్న ఆ ఒక్క రోడ్డు మీదే చెంగయ్య అనే ముంగిస రోజూ తన చిన్న ఎర్ర స్పోర్ట్స్ కారులో ఆఫీసుకు పోయేవాడు. ఎండుటాకుల శాఖలో గుమాస్తా ఉద్యోగం. జీతం అంతంత మాత్రం. కారంటే మాత్రం పంచప్రాణాలు. ఇద్దరు పట్టే బండి, నేలకు ఆనుకుని పోయే బండి, పిల్లలు చూసి చేతులూపే బండి. దాని స్టీరింగు పట్టుకున్నంతసేపూ తను గుమాస్తా అన్న సంగతి చెంగయ్యకు గుర్తుండేది కాదు.

ఒక్కటే బాధ. దారిలో దున్నలగట్టు ఎక్కేటప్పుడు కారు ఆయాసపడేది. సరిగ్గా అక్కడే అడవిపంది జీపు వెనక నుంచి వచ్చి, దుమ్ము కొట్టి, దాటి పోయేది. ఆ దుమ్మంతా చెంగయ్య మీసాల మీద పడేది. మీసాల దాకా వచ్చాక ఎవడు ఊరుకుంటాడు?

"గేరు తగ్గించి ఎక్కించరాదూ?" అంది భార్య రంగమ్మ.

"ఇంజన్ల సంగతి నీకు తెలియదులే," అన్నాడు చెంగయ్య. తనకూ తెలియదు, కానీ మగవాడు కదా.

బండికి బలం పెంచాలని ముందు మెకానిక్ ఎలుగుబంటి జాంబయ్య షెడ్డుకు వెళ్ళాడు.

"సూపర్‌చార్జర్ వేయించుకో బాబూ," అన్నాడు జాంబయ్య. "ఇంజన్‌కే బెల్టు కట్టి తిప్పుతాం. అది ఇంజన్‌లోకి గాలి కుక్కుతుంది. కాలు పెట్టావా, లాగేస్తుంది."

"మరి దాన్ని తిప్పే బలం ఎక్కడిది?"

"ఇంజన్‌దే. కాస్త పెట్రోలు ఎక్కువ తాగుతుందిలే. మన దగ్గర లాక్కుని మనకే పెట్టడం. సర్కారు పద్ధతి."

అక్కడి నుంచి నక్క మల్లినాథం షెడ్డుకు వెళ్ళాడు.

"ఆ ఎలుగు మాట వింటే నిండా మునుగుతావు," అన్నాడు మల్లినాథం. "టర్బో పెట్టించన్నా. అదీ గాలి కుక్కేదే, కాకపోతే సైలెన్సర్ దారిన పోయే పొగతోనే తిరుగుతుంది. పారేసేదాంతో పని జరిగిపోతుంది."

"కాలు పెట్టగానే లాగుతుందా?"

"పెట్టగానే అంటే, పొగ బలం పుంజుకోవాలి గదా. కాస్త ఓపిక పట్టు. ఆ తర్వాత వీపు మీద తన్నినట్టు తోస్తుంది. మీ ఆఫీసులో అర్జీ ఎంతసేపటికి కదులుతుంది? దానికంటే నయమే."

రోజూ ఆఫీసుకు పోయివచ్చే చిన్న కారుకు ఈ రెంటిలో ఏది మేలో, ఓ పూట నిమ్మళంగా కూర్చుంటే తేలిపోయేదే. కానీ ఆ అడవిలో ఎవరూ సొంతంగా నిర్ణయం తీసుకోరు. పులుసులో ఉప్పెంత వేయాలన్నా అడవి సంఘాన్ని అడగాల్సిందే. రేపు చెడితే తిట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. చెంగయ్య కూడా ఆ గాలి పీల్చి పెరిగినవాడే. వెళ్ళి సంఘానికి చెప్పుకున్నాడు.

సంఘానికి పెద్ద అడవిదున్న భీమేశం. ఆయన ఏ కారులోనూ పట్టడు కాబట్టి కార్ల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. "వేగం చాలా ముఖ్యం. అందుకే నిదానంగా చర్చిద్దాం," అని సభ మొదలుపెట్టాడు.

జాంబయ్య షెడ్డు అడవి మధ్య పారే ఏటికి ఈవల, మల్లినాథానిది ఆవల. ఇంకేం, నాలుగు రోజులు తిరగకుండా ఈవలి వాళ్ళంతా సూపర్‌చార్జర్ పక్షం, ఆవలి వాళ్ళంతా టర్బో పక్షం అయిపోయారు. చెట్టెక్కడమే తప్ప బండెక్కి ఎరగని కోతులు సూపర్‌చార్జర్ మా జన్మహక్కని ఊరేగాయి. టర్బో కోసం కుందేళ్ళు నిరాహార దీక్షకు కూర్చున్నాయి, పచ్చగడ్డి ఏపుగా ఉన్నచోటు చూసుకుని. అల్లుడిది పొగ పార్టీ అని తెలిసి కుదిరిన పెళ్ళిళ్ళు తప్పిపోయాయి.

చెంగయ్యకు భయం పుట్టింది. పరుగెత్తి భీమేశం కాళ్ళ మీద పడ్డాడు. "అయ్యా, నాకు ఏ చార్జరూ వద్దు. నా కారును దాని మానాన వదిలేయండి."

"నీ కారేమిటయ్యా?" అన్నాడు భీమేశం. "ఇప్పుడది అడవి సమస్య. నీ స్వార్థం కాస్త తగ్గించుకో."

మర్నాడు తీర్పు వచ్చింది. ఎవరి మనసూ నొప్పించకూడదు కనుక రెండూ బిగించాలి. ఆఫీసుకు పోయేటప్పుడు సూపర్‌చార్జర్, ఇంటికొచ్చేటప్పుడు టర్బో. రెండు ఒడ్ల వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

బిగించబోతే బానెట్ కింద చోటు చాలలేదు. రేడియేటర్‌ను తీసి డిక్కీలో పెట్టారు. డిక్కీలోని స్టెప్నీ పక్క సీట్లోకి వచ్చింది. బ్యాటరీకి మిగిలింది డ్రైవరు సీటే.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?" అని అడిగాడు చెంగయ్య.

"డ్రైవరు విషయం సంఘం ముందుకు రాలేదు," అన్నాడు జాంబయ్య.

ప్రారంభోత్సవానికి అడవంతా వచ్చింది. భీమేశం రిబ్బను కత్తిరించి, కిటికీలోంచి తల దూర్చి, పళ్ళతో తాళం తిప్పాడు. ఇంజన్ గట్టిగా ఒక్క అరుపు అరిచింది. ఆవిరి కక్కింది. పట్టేసి ఆగిపోయింది, అంతే. టర్బో వేడికే పోయిందన్నాడు జాంబయ్య. సూపర్‌చార్జర్ బెల్టే పీక నొక్కిందన్నాడు మల్లినాథం. తామే గెలిచామనుకుంటూ ఎవరి ఒడ్డుకు వాళ్ళు పోయారు. చెంగయ్య ఒక్కడే మిగిలి, కాలుతున్న బానెట్ మీద చెయ్యి వేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సంఘం ఊరుకోలేదు. దున్నలగట్టు మీద దిమ్మె కట్టించి, కారును దాని మీద నిలబెట్టి, ఐకమత్యానికి గుర్తని దండ వేసింది. చెంగయ్య రోజూ దాని ముందు నుంచే నడిచి ఆఫీసుకు పోయేవాడు. తల మాత్రం ఎత్తేవాడు కాదు.

మరుసటేడు సంఘంలో ఒక కుర్చీ ఖాళీ అయింది. బండి ఉన్నవాడికి పక్షపాతం ఉంటుంది కనుక బండి లేనివాడికే ఇవ్వాలన్నారు. ఇంజన్ల గొడవలో ఇంత అనుభవం ఉండి, బండి లేనివాడు అడవి మొత్తానికి చెంగయ్య ఒక్కడే. పిలిచి కూర్చోబెట్టారు.

కూర్చున్న మొదటిరోజే ఉడత చిట్టెమ్మ కొత్త స్కూటరు తోసుకుంటూ వచ్చింది. "సంతకు గింజలు మోయాలి బాబాయ్. ముందు బుట్ట కట్టించనా, వెనక పెట్టె కట్టించనా? మీరెట్లా చెబితే అట్లా."

ఏదో ఒకటి కట్టించుకుని ఇక్కడి నుంచి పారిపో తల్లీ అన్న మాట చెంగయ్య గొంతుదాకా వచ్చింది. వంగి, కాయలు కాసిన తన కాళ్ళు చూసుకున్నాడు. తలెత్తి స్కూటరు చూశాడు. మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. ఏడాదిలో మొదటిసారి చెంగయ్యకు ప్రాణం హాయిగా అనిపించింది.

గొంతు సవరించుకుని, "అన్నట్టు అమ్మాయ్, మీది ఏటికి ఈవలా, ఆవలా?" అని అడిగాడు.

నీతి: సలహా అడగనివాడు మహా అయితే తప్పు చేస్తాడు, అడిగి మునిగినవాడు సలహాదారు అవుతాడు.