చల్లగది ముందు పద్నాలుగు జతల చెప్పులు

ఆ మే నెల ఉదయం సుధామయి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్టీలు క్యాను నిండా మజ్జిగ చేసి మధ్యాహ్నం యూనివర్సిటీలో భర్తకు అందించడం, తిరిగొస్తూ తార్నాక చౌరస్తా దగ్గర షాపులో ఏసీ చూసుకోవడం. రెండో సంగతి భర్తకు చెప్పలేదు. చెప్పడానికేముంది, మాటిచ్చింది ఆయనే.

పార్థసారథి భవన నిర్మాణం బోధించే ప్రొఫెసరు. కరెంటు ఖర్చు లేకుండా ఇల్లు చల్లగా ఉండాలన్నది ఆయన పాఠం. అలాంటివాడు ఇంట్లో ఏసీ పెడితే స్టూడెంట్లు నవ్వుతారని, పై అంతస్తు ఫ్లాటులో భార్య చేత పన్నెండు ఎండాకాలాలు ఫ్యాను కింద గడిపించాడు. డిపార్ట్‌మెంటు వెనక ఒకే కొలతతో పక్కపక్కనే రెండు గదులు కట్టించాడు. ఒకటి మామూలు స్లాబు గది. రెండోది చల్లగది. దాని కప్పు మీద బోర్లించిన మట్టికుండలు, వాటి మీద తెల్ల సున్నం, గోడలకు గాలాడే జాలీలు, పడమటి ఎండకు అడ్డంగా వెదురు తడిక. ఆ రోజు మూడింటికి కమిటీ వచ్చి కొలుస్తుంది. రెండు గదులకూ కనీసం నాలుగు డిగ్రీల తేడా ఉంటే అమ్మాయిల కొత్త హాస్టలు ఆ పద్ధతిలోనే కడతారు.

“తేడా రాకపోతే?” మజ్జిగ చిలుకుతూ అడిగింది సుధామయి.

“రాకపోతే సాయంత్రానికి మనింట్లో ఏసీ.”

“మళ్లీ మాట మార్చరుగా?”

“నెల రోజులుగా ఐదుకు తగ్గలేదోయ్. మాటదేముంది, ఎన్నైనా ఇస్తాను. కరివేపాకు కాస్త ఎక్కువ వెయ్యి. ఛైర్మన్ దయాకర్ గారికి ఏసీ లేని చోట కూర్చునే అలవాటు లేదు.”

పన్నెండున్నరకు ఆమె ఆటో దిగేసరికి పార్థసారథి ఇంకా మెయిన్ బిల్డింగులోనే ఉన్నాడు. సుధామయి వరండాలో చెప్పులు విడిచి, చల్లగదిలో గోడకానుకుని కూర్చుంది. నిజంగానే చల్లగా ఉంది. అది ఆమెకు అంతగా నచ్చలేదు. తలుపు మీద ‘లోనికి రాకూడదు’ అని అంటించిన కాగితం ఆమె చూడనే లేదు.

ఆ కాగితం చూపించి రిసెర్చి విద్యార్థిని ప్రవళిక రెండు నెలలుగా అందరినీ తరుముతోంది. అందుకే డిపార్ట్‌మెంటు ఊడ్చే సారలమ్మ, టిఫిను డబ్బాతో గుమ్మం దగ్గరే ఆగింది.

“అమ్మా, జర గీడ కూసుంట. బయట నిప్పులు కురుస్తున్నయ్.”

“కూర్చో సారలమ్మా. నాదేం పోయింది?”

సారలమ్మ కూర్చుని ఫోను తీసింది. “ఏమే భాగ్యా, చల్లగదిల సార్ వాళ్ల మేడమే కూసున్నది. ఏమంటలేదు. క్యాంటీనోళ్లను గూడ తోల్కరా.”

అంతలో కింది ఫ్లాటు శైలజ నుంచి సుధామయికి ఫోనొచ్చింది. “అక్కా, మన దగ్గర కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందంట. ఏసీ ఉండి ఏం ఫాయిదా, పిచ్చి లేస్తున్నది.”

“ఇక్కడికి వచ్చెయ్యి. హాయిగా ఉంది.”

శైలజ ఒక్కతే రాలేదు. ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని, ఫ్లాస్కులో వేడివేడి చాయ్ కూడా తెచ్చింది. రెండు గంటలకు వరండాలో పద్నాలుగు జతల చెప్పులున్నాయి.

ప్రవళిక నోట్‌బుక్కుతో వచ్చింది. గదుల లోపలి వేడి గుమ్మాల పక్కనున్న చిన్న తెరల మీద కనిపిస్తుంది. మామూలు గది ముప్పై తొమ్మిది. చల్లగది ముప్పై ఎనిమిది. ఆ అమ్మాయి లోపలికి తొంగిచూసింది. గుమ్మంలోనే చతికిలబడింది.

“ఒక్క డిగ్రీ మేడం. రెండెండకాలాలు కొలిచిన. ఒక్క డిగ్రీ.”

సుధామయికి ముందు కనిపించింది తమ హాల్లో ఏసీ పెట్టబోయే గోడ. తర్వాతే ఆ అమ్మాయి ముఖం కనిపించింది.

“నాది హాస్టల్ల పై ఫ్లోర్ మేడం. రోజూ బకెట్లకు బకెట్లు నీళ్లు బండల మీద పోసుకొని పండుకుంటం. కొత్త హాస్టల్ అయ్యేసరికి నా చదువు అయిపోతది. నా ఎనకొచ్చేటోళ్లకన్న నిద్ర పడతదనుకున్న.”

సుధామయి లేచి నిలబడింది. “అందరూ బయటికి నడవండి.”

“పావుగంట నడుం వాల్చి పోతమమ్మా,” అంది సారలమ్మ, కళ్లు తెరవకుండా.

“పిలిచిందే నువ్వు గదక్కా,” అంది శైలజ, చాయ్ పోసుకుంటూ.

సుధామయి క్యాను ఎత్తుకుంది. “పక్క గదిలో మజ్జిగ పోస్తున్నాను. తాగేవాళ్లు రండి.”

ఒక్క నిమిషంలో చల్లగది ఖాళీ అయింది. ఉన్న నాలుగడుగుల దూరానికి ఎవరూ చెప్పులు తొడుక్కోలేదు.

“మేడం, గా గదిల గూడ కొలుస్తున్నం,” అని ప్రవళిక అనేసరికి సుధామయి మూడో గ్లాసు నింపుతోంది. ఇక మజ్జిగ వదిలి ఎవరూ కదల్లేదు. మూడింటికి వరండా చివర కమిటీ కనబడగానే ఆమె బయటికొచ్చి ఆ గది తలుపు దగ్గరగా వేసింది.

దయాకర్ గారు కళ్లజోడు సర్దుకుని తెరలు చదివాడు. “ఇది ముప్పై నాలుగు. అది నలభై మూడు. తొమ్మిది డిగ్రీల తేడానా పార్థసారథి గారూ? రిపోర్టులో ఐదన్నారే?”

“ఎండ ముదిరింది కదండీ. ఇంకా బాగా పనిచేస్తోంది,” అన్నాడు పార్థసారథి, ముఖం వెలిగిపోతూ.

దయాకర్ గారు చల్లగదిలోకి చూశాడు. తర్వాత కిందికి చూశాడు. “లోపల ఒక్కరూ లేరు. మరి ఈ చెప్పులెవరివి?”

పార్థసారథి కూడా చూశాడు. మూడో వరసలో ఉన్న నీలం పట్టీల జత ఆయనకు బాగా తెలుసు. దాన్ని దాచడానికి ఆయన ఒక కాలు ముందుకు జరిపాడు. అప్పుడే పక్క గది తలుపు తెరుచుకుని చెమటలు కక్కుతూ సారలమ్మ వచ్చింది.

“అమ్మా, మజ్జిగ ఒడిసింది. ఇగ మా గదికి పోతం. గీడ పానం పోతున్నది.”

సుధామయి దాచలేదు. కమిటీ ముందే మొత్తం చెప్పేసింది. “తప్పంతా నాదేనండీ. ఈ అమ్మాయి కొలతల్లో తప్పేం లేదు,” అని ముగించింది.

దయాకర్ గారు ఒకసారి ఈ తెర, ఒకసారి ఆ తెర చూశాడు. చివరికి సారలమ్మ వైపు తిరిగాడు. “రెండు గదుల్లోనూ కూర్చున్నావు కదా. తేడా ఏంటో చెప్పు.”

“గాడ కూసుంటే నిద్రొస్తది సార్. గీడ కూసుంటే కోపమొస్తది.”

ఆయన ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. “ఎల్లుండి మళ్లీ కొలుద్దాం. రెండు గదులకూ తాళాలేసి,” అంటూ బూట్లు విప్పి చల్లగదిలో కూర్చున్నాడు. “మజ్జిగ చుక్కైనా మిగల్లేదా?”

మూడో రోజున తేడా సరిగ్గా ఐదు డిగ్రీలొచ్చింది. హాస్టలు ఖాయమైంది. రిపోర్టులో అంకెల కింద సారలమ్మ మాట కూడా ఉందని ప్రవళిక ఫోను చేసి చెప్పింది.

“ఏసీ పోయింది కదా నీకు,” అన్నాడు పార్థసారథి ఆ సాయంత్రం, కాస్త భయంగానే.

“ఏసీ మాట తర్వాత. ఆ కుండలూ సున్నమూ మన డాబా మీదెందుకు లేవు?”

పార్థసారథి తలెత్తి పైకప్పు వైపు చూశాడు. పన్నెండేళ్లుగా ఈ ఆలోచన తనకెందుకు రాలేదో ఆయనకు అంతుపట్టలేదు.

పది రోజుల్లో డాబా తెల్లబడింది, హాలు చల్లబడింది. శైలజ అది కనిపెట్టడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. ఇప్పుడు అన్నం తినగానే తన ఏసీ కట్టేసి, చాపతో సహా పైకి వస్తుంది. ఆమె వెనక మిగతా ఫ్లాట్ల వాళ్లు వస్తారు. గుమ్మం ముందు పదకొండు జతల చెప్పులు లెక్క తేలాక సుధామయి శైలజ దగ్గర తాళం చెవి అడిగి తీసుకుని, మెట్లు దిగి వెళ్తుంది.

శైలజ ఇంట్లో ఏసీ చాలా బాగా పనిచేస్తుంది.